చండీగఢ్ భవనాలకు ప్లాస్టరింగ్ ఎందుకు లేదు? ఒక్కరోజులో అక్కడ ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆఫీసు పని మీద చండీగఢ్ వెళ్తున్నారు, మధ్యలో ఒకరోజు ఖాళీ దొరుకుతోంది. ఫొటోల్లో చూస్తే అక్కడి పేరుమోసిన భవనాలన్నీ ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేసిన గవర్నమెంటు గోడౌన్లలా ఉన్నాయి. వీటికి యునెస్కో గుర్తింపు ఎలా వచ్చింది, అసలు చూడాల్సినవి ఏవి, రేపు అమరావతిలో కూడా ఇలాగే కట్టాలా అని అడిగారు.

నేను ఆర్కిటెక్ట్‌ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాళ్లు చండీగఢ్‌లో ఉన్నాను. ఆ తర్వాత పనంతా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే. కాబట్టి అక్కడి ఎండా తెలుసు, ఇక్కడి ఎండా తెలుసు. నా సమాధానం ఎక్కువగా ఎండ గురించే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

ముందు కొంచెం నేపథ్యం. 1947లో దేశ విభజనతో లాహోర్ పాకిస్తాన్‌కి పోయింది. మన వైపు పంజాబ్‌కి రాజధాని లేకుండా పోయింది. శివాలిక్ కొండల కింద చోటు చూసి, ప్లాన్ గీసే పని ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్‌కి ఇచ్చారు. ఆయనతో పనిచేస్తున్న మాథ్యూ నొవిట్స్కీ 1950 ఆగస్టులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పుడు పంజాబ్ ప్రభుత్వం తరఫున పి.ఎన్. థాపర్ అనే అధికారి, చీఫ్ ఇంజినీర్ పి.ఎల్. వర్మ యూరప్ వెళ్లి ఆర్కిటెక్టుల కోసం వెతికారు. అలా ఫ్రాన్స్ నుంచి లె కార్బుజియే, ఆయన దాయాది పియర్ జానరే, ఇంగ్లండ్ నుంచి భార్యాభర్తలు మ్యాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ వచ్చారు. 1951 ఫిబ్రవరిలో కార్బుజియే వచ్చి, మేయర్ గీసిన వంపు వీధుల్ని సరిచేసి, నిలువు అడ్డ గీతల నగరంగా మార్చాడు. ప్లాన్ ముఖ్యరూపం కొద్ది రోజుల్లోనే తేలిపోయింది. 1953 అక్టోబర్ 7న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ నగరాన్ని ప్రారంభించారు.

పేరంతా కార్బుజియేకే వచ్చింది గానీ, ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లేవాడు. ఊళ్లో కాపురం ఉండి, ఎండలో సైట్ల చుట్టూ తిరిగింది జానరే. 1965 దాకా అక్కడే ఉన్నాడు. చనిపోయాక అస్థికల్ని కూడా ఆయన కోరిక ప్రకారం అక్కడి సుఖ్నా చెరువులోనే కలిపారు. ఆయన చేతికింద ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, ఊర్మిళా యూలీ చౌధరి, జీత్‌లాల్ మల్హోత్రా లాంటి మన కుర్ర ఆర్కిటెక్టులు ఉండేవారు. ఊరు ఇవాళ్టికీ నిలబడిందంటే ఎక్కువ భాగం వీళ్ల పని వల్లే అని నా అభిప్రాయం. కార్బుజియే భక్తులు కోప్పడినా నేను మార్చుకోను.

ఇక ప్లాస్టరింగ్ సంగతి. కార్బుజియే అప్పటికే ఫ్రాన్స్‌లో కాంక్రీట్‌ని పైపూత లేకుండా వదిలేయడం మొదలుపెట్టాడు. సెంట్రింగ్ ఊడదీశాక చెక్క గీతలు, రేకుల అతుకులు, మేకుల గుర్తులు గోడ మీద ఎలా పడితే అలాగే ఉంచేయాలని ఆయన పట్టుదల. చండీగఢ్‌లో అది డబ్బుకీ, పనివాళ్ల లెక్కకీ సరిపోయింది. ఆ రోజుల్లో అక్కడ పెద్ద క్రేన్లు లేవు. తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ర్యాంపుల మీద నడిచి కాంక్రీట్ మోశారు. ఆ పాత ఫొటోలు మీరు చూసే ఉంటారు. అలాంటి చోట అద్దంలాంటి నునుపు కోరుకోవడం అత్యాశే. మీరు హైకోర్టు గోడకి రెండడుగుల దూరంలో నిలబడి చూడండి. ఒక పోతకీ ఇంకో పోతకీ మధ్య రంగు తేడా, రేకుల చతురస్రాలు, అక్కడక్కడా కంకర బయటపడ్డ మచ్చలు అన్నీ కనిపిస్తాయి. కొన్ని గోడల్లో చేప, సూర్యుడు, పాము లాంటి బొమ్మలు లోపలికి దిగి ఉంటాయి. అవి పోత పోసేటప్పుడే చెక్క అచ్చులు పెట్టి తీసినవి. ఇవాళ మన సైట్లో మేస్త్రి ఇలాంటి గోడ చూపిస్తే బిల్లు ఆపేస్తాం. అక్కడ మాత్రం అదే చూడాల్సిన వస్తువు.

అయితే మీకు నచ్చి తీరాలని ఏమీ లేదు. డెబ్బై ఏళ్ల వానకి ఆ కాంక్రీట్ నల్లబడింది, చాలాచోట్ల పగుళ్లొచ్చాయి, మరమ్మతు చేసిన చోట అతుకు రంగు అసలు రంగులో కలవదు. నచ్చకపోవడానికి ఇవి న్యాయమైన కారణాలే. నేను చెప్పేదల్లా, గోడ రంగు చూసి తీర్పు ఇచ్చేయకుండా నీడ ఎక్కడ పడుతోందో చూడమని.

క్యాపిటల్ కాంప్లెక్స్‌లో సెక్రటేరియట్, అసెంబ్లీ, హైకోర్టు ఉన్నాయి. 2016లో ఏడు దేశాల్లోని పదిహేడు కార్బుజియే కట్టడాలతో కలిపి యునెస్కో గుర్తింపు వచ్చింది దీనికే, మొత్తం నగరానికి కాదు. సెక్రటేరియట్ 254 మీటర్ల పొడవు, 42 మీటర్ల ఎత్తు. ఆరు బ్లాకుల్ని పక్కపక్కన చేర్చి కట్టారు. ముఖం నిండా లోతైన కాంక్రీట్ గళ్లు ఉంటాయి. అవి డిజైన్ కోసం పెట్టినవి అనుకుంటారు అందరూ. నిజానికి వాటి పని ఎండని ఆపడం. గాజు కిటికీ ఆ గళ్లకి వెనక, లోపలెక్కడో ఉంటుంది. ఎండ గాజు దాకా రాకుండా బయటే ఆగిపోవాలన్నది లెక్క. ఇది 1950ల్లో ఏసీ లేకుండా వేలమంది కూర్చునే ఆఫీసు. ఇప్పుడు ఆ గళ్లలో ఏసీ డబ్బాలు వేలాడుతున్నాయనుకోండి, అది వేరే సంగతి.

హైకోర్టు దీనికంటే ముందే, 1955లో పూర్తయింది. అది నా దృష్టిలో మూడింటిలోకీ తేలిగ్గా అర్థమయ్యే భవనం. పైన ఒక పెద్ద కప్పు, దాని కింద కోర్టు గదుల అసలు కప్పు. రెండింటికీ మధ్య ఖాళీ. పై కప్పు ఎండ మొత్తాన్ని తన మీద వేసుకుంటుంది, మధ్యలోంచి గాలి పోతుంది, కింది కప్పు నీడలో ఉంటుంది. మన దగ్గర డాబా మీద రేకుల షెడ్ వేయించుకున్నవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే. ముందువైపు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మూడు భారీ స్తంభాలు కనిపిస్తాయి. ఆ మూడింటి మధ్యలోంచే లోపలికి దారి.

అసెంబ్లీ 1960ల మొదట్లో పూర్తయింది. దాని మీద ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దగ్గర కనిపించే కూలింగ్ టవర్ లాంటిది ఒకటి లేచి ఉంటుంది. పోలిక యాదృచ్ఛికం కాదు. అహ్మదాబాద్‌లో పవర్ హౌస్ కూలింగ్ టవర్లు చూసి కార్బుజియే ఆ ఆకారం తీసుకున్నాడు. పొగగొట్టంలా పైకి లేచిన ఆ పెంకు కిందే పంజాబ్ శాసనసభ కూర్చుంటుంది. పక్కన పిరమిడ్ ఆకారంలో ఇంకో కప్పు ఉంది. అది పంజాబ్ శాసనమండలి కోసం కట్టింది. 1966 నవంబర్ 1న హర్యానా విడిపోయింది, తర్వాత పంజాబ్ మండలి రద్దయింది, ఇప్పుడు ఆ పిరమిడ్ కింద హర్యానా అసెంబ్లీ నడుస్తోంది. ఒకే భవనంలో రెండు రాష్ట్రాల అసెంబ్లీలు. ఉమ్మడి రాజధాని అంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పనక్కర్లేదు.

ముందు వసారా కప్పు అర్ధచంద్రంలా పైకి తిరిగి ఉంటుంది. వానాకాలంలో వెళ్తే దాని పని కనిపిస్తుంది. నీళ్లన్నీ అందులోకి చేరి చివర్ల నుంచి కింద కొలనులోకి దూకుతాయి. మామూలు రోజుల్లో ఆ కొలనులో భవనం ప్రతిబింబం చూసుకోవాలి.

జనం పెద్దగా పట్టించుకోని కట్టడం ఒకటుంది అక్కడ: నీడల గోపురం. లోపల ఆఫీసు లేదు, గది లేదు, ఊరికే కాంక్రీట్ పలకలు, కప్పు. చండీగఢ్ వీధులు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండవు, కొంత వాలుగా ఉంటాయి. చుట్టూ ఉన్న భవనాలూ అంతే. ఈ గోపురాన్ని మాత్రం వాటికి వంకరగా, కచ్చితంగా ఉత్తర దిక్కుకి పెట్టారు. మూడు వైపులా ఎండని ఆపే పలకలున్నాయి, ఉత్తరం వైపు లేవు. ఎందుకంటే చండీగఢ్ దాదాపు 30.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే. జూన్ 21న మిట్టమధ్యాహ్నం దాదాపు 83 డిగ్రీల ఎత్తులో, అంటే ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. డిసెంబర్‌లో 36 డిగ్రీలకి దిగిపోతాడు. కాబట్టి దక్షిణం వైపు అడ్డంగా ఒక లోతైన పలక పెడితే చాలు. జూన్ ఎండ బయటే ఆగిపోతుంది, డిసెంబర్ ఎండ లోపలికి వచ్చి గది వెచ్చబడుతుంది. చండీగఢ్ చలికాలంలో ఆ ఎండ చాలా అవసరం.

ఇక్కడే మీ అమరావతి ప్రశ్నకి సగం సమాధానం ఉంది. విజయవాడ 16.5 డిగ్రీల దగ్గర ఉంది. మనకి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపుకి వెళ్లిపోతాడు. అంటే మండు వేసవిలో మన ఉత్తరం గోడకీ ఎండ తగులుతుంది. డిసెంబర్‌లో కూడా 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, పైగా ఆ ఎండని ఇంట్లోకి పిలవాల్సినంత చలి మనకి లేదు. ఆపైన ఉక్కపోత. చండీగఢ్‌లో మే నెల పొడి వేడి. మందపాటి గోడ, లోతైన నీడ ఉంటే మనిషికి ఊరట దొరుకుతుంది. కృష్ణా తీరంలో గాలి ఆడకపోతే నీడలో కూర్చున్నా చొక్కా తడుస్తుంది. చండీగఢ్ గళ్లని యథాతథంగా తెచ్చి అమరావతిలో పెడితే ఫొటో బాగుంటుంది గానీ గది బాగుండదు. ఆ లెక్క వేసిన పద్ధతి మాత్రం తెచ్చుకోవచ్చు. కార్బుజియే ఆఫీసులో నెలవారీగా వేడి, తేమ, గాలి, ఎండ రాసుకున్న పట్టిక ఒకటి తయారుచేసుకుని, దేనికి ఏ మందు వేయాలో పక్కనే గీసుకున్నారు. మన వాతావరణానికి ఆ పట్టిక మనం నింపుకుంటే వచ్చే భవనం వేరేగా ఉంటుంది. నాకు తెలిసి దానికి పెద్ద చూరు, చుట్టూ వసారా, ఎదురెదురు కిటికీలు ఉంటాయి. అద్దాల ఎలివేషన్ మాత్రం ఉండదు. లండన్ ఆర్కిటెక్టుల సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అమరావతి అసెంబ్లీకి గీసిన శిఖరం గురించే మన దగ్గర చర్చంతా జరుగుతోంది. నేనైతే ఎన్జీవో (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల) క్వార్టర్ల కిటికీ మీద సన్‌షేడ్ ఎంత లోతుందో ముందు అడుగుతాను.

క్వార్టర్లు అంటే గుర్తొచ్చింది. చండీగఢ్‌లో నిజంగా చూడాల్సింది ఇళ్లు. ముఖ్యమంత్రి నుంచి ప్యూను దాకా హోదాని బట్టి పదమూడు రకాల ప్రభుత్వ ఇళ్లు ముందు గీశారు. కార్బుజియే వాటి జోలికి పోలేదు. ఫ్రై, డ్రూ, జానరే, మన కుర్రాళ్లే చేశారు. కాంక్రీట్ ఖరీదు, సిమెంట్ కొరత. ఇటుక చుట్టుపక్కలే కాలుస్తారు. అందుకని ఇళ్లన్నీ ఇటుకతోనే. అన్నిటికంటే చిన్న ఇంటికి కూడా రెండు గదులు, వంటిల్లు, ఫ్లష్ లెట్రిన్, వెనక చిన్న పెరడు ఇచ్చారు. 1950ల్లో ప్యూను ఇంట్లో ఫ్లష్ అంటే చిన్న విషయం కాదు. గోడలు పక్కింటితో ఉమ్మడి, కాబట్టి ఎండ తగిలే ముఖాలు తగ్గాయి. కిటికీలు చిన్నవి. కిటికీ బదులు చాలాచోట్ల ఇటుకల్ని సందులిచ్చి పేర్చిన జాలీ ఉంటుంది. అందులోంచి గాలి వస్తుంది, ఎండ ముక్కలై వస్తుంది, వీధిలోవాళ్లకి లోపల కనబడదు. వేసవిలో డాబా మీద పడుకునే అలవాటు ఉన్న జనం కనక పిట్టగోడలు ఆ లెక్కన లేపారు. సెక్టార్ 22 మొదట కట్టినవాటిలో ఒకటి. అక్కడ వెనక సందుల్లో నడవండి. ఒకే ఇటుకని తిప్పి తిప్పి పేర్చి ఎన్ని రకాల గోడలు తెచ్చారో చూస్తే, మన అపార్టుమెంట్లకి ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్లు అతికించే ఖర్చు గుర్తొచ్చి బాధేస్తుంది.

సెక్టార్ అంటే 800 మీటర్లు బై 1200 మీటర్ల దీర్ఘచతురస్రం. స్కూలు, అంగళ్లు, డిస్పెన్సరీ, పార్కు నడిచి వెళ్లే దూరంలో ఉండాలన్నది ఉద్దేశం. వేగంగా పోయే ట్రాఫిక్ బయట రోడ్ల మీదే ఉంటుంది, ఇళ్లు దానికి వీపు తిప్పి లోపలికి చూస్తాయి. రోడ్లని పెద్దవాటి నుంచి కాలిబాటల దాకా ఏడు రకాలుగా విడగొట్టారు. మొదటి ప్లాన్‌లో సెక్టార్ 13 లేదు, 12 తర్వాత 14. 2020లో మనీమాజ్రాకి ఆ నంబరు ఇచ్చారు. అడ్రసుల్లో ఎస్‌సీఓ, ఎస్‌సీఎఫ్ అని కనిపిస్తే కంగారుపడకండి, కింద షాపు పైన ఆఫీసు, కింద షాపు పైన కాపురం అని అర్థం. ఈ షాపుల ముఖాలన్నీ ఒకేలా ఉండటానికి కారణం రూల్సు. స్తంభాల మధ్య దూరం, వరండా, కిటికీల వరస అన్నీ ప్రభుత్వమే గీసిచ్చింది, ఓనరు లోపల ఏమైనా చేసుకోవచ్చు. ఇళ్లకీ ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి. అదీగాక కార్బుజియే రాసిచ్చిన శాసనపత్రంలో ఊళ్లో వ్యక్తుల విగ్రహాలు పెట్టకూడదని ఉంది. జంక్షన్‌కో విగ్రహం చూసి పెరిగిన మనకి ఆ రౌండ్‌అబౌట్లు బోసిగా అనిపిస్తాయి. నాకైతే హాయిగా అనిపించింది.

చెట్ల ఘనత ఎం.ఎస్. రంధావాది. ఐసీఎస్ అధికారి, వృక్షశాస్త్రం చదువుకున్నాడు. ఏ రోడ్డుకి ఏ చెట్టు అని ఎంచి నాటించాడు. అందుకే కొన్ని వీధులు మొత్తం ఒకే పువ్వు పూస్తాయి. మేలో వెళ్తే రేలపూల పసుపు చూడొచ్చు.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఆ స్థలం ఖాళీ మైదానం కాదు, అక్కడ పల్లెలున్నాయి, రైతులు వ్యతిరేకించారు, అయినా లేపేశారు. ఊరు కట్టిన కూలీలకి ప్లాన్‌లో చోటు లేదు, వాళ్లు గుడిసెల్లోనే ఉండిపోయారు. మొత్తం ఐదు లక్షల మందికి అనుకున్న నగరం, 2011 జనాభా లెక్కలకే పదిన్నర లక్షలు దాటింది. పాత సెక్టార్లలో తక్కువ ఎత్తు ఇళ్లే ఉండాలని రూలు, భూమి ధరలు ఆకాశంలో. దాంతో ఒక్కో ఇంటిని అంతస్తుకో ఓనరుగా ముక్కలు చేసి అమ్మడం మొదలైంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మొదటి దశ సెక్టార్లలో దాన్ని ఆపమని తీర్పిచ్చింది. మామూలు జీతగాళ్లు పక్క ఊళ్లు మొహాలీ, పంచకులల్లో ఇల్లు తీసుకుని రోజూ వచ్చిపోతున్నారు.

క్యాపిటల్ కాంప్లెక్స్ మధ్య మైదానం జనం తిరగాల్సిన చోటుగా గీశారు. అసెంబ్లీకీ హైకోర్టుకీ మధ్య నాలుగు వందల మీటర్ల పైన ఖాళీ జాగా. మే ఎండలో దాన్ని ఎవరు దాటుతారని అప్పుడే అడగాల్సింది. 1995 ఆగస్టు 31న సెక్రటేరియట్ ముందే పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్‌ని బాంబు పేల్చి చంపాక భద్రత బాగా బిగించారు. ఇప్పుడు అక్కడ ముళ్లకంచెలు, తుపాకులు. గైడుతో పాటే లోపలికి పంపుతారు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తప్పనిసరి. తెరిచిన చేయి స్మారకం కూడా ఆ ఆవరణలోనే ఉంది. గాలికి తిరిగే ఆ రేకు చేయి 26 మీటర్ల ఎత్తున ఉంటుంది. కార్బుజియే 1965లోనే పోయాడు, అది మాత్రం 1985లో గానీ నిలబడలేదు. గవర్నర్ బంగళా అసలు కట్టనే లేదు, ప్రజాస్వామ్యంలో అంత ఆర్భాటం ఎందుకని నెహ్రూకి నచ్చలేదు.

మీకున్న ఒక్కరోజుకి నా సలహా ఇది. పొద్దున్నే ఎండ ముదరకముందు క్యాపిటల్ టూర్ చేసేయండి. దగ్గర్లోనే రాక్ గార్డెన్ ఉంది, నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్ ప్రభుత్వానికి తెలియకుండా ఏళ్ల తరబడి చెత్తతో కట్టింది. ఇంత కొలతల నగరంలో అలాంటిది ఎలా పుట్టిందో చూడాల్సిందే. మధ్యాహ్నం సెక్టార్ 10 మ్యూజియం చూడండి, పైకప్పు నుంచి వెలుతురు ఎలా దించారో గమనించండి, సోమవారం మాత్రం సెలవు. ఆ తర్వాత పంజాబ్ యూనివర్సిటీలో జానరే కట్టిన గాంధీ భవన్. సాయంత్రం సెక్టార్ 22 సందులు, కాళ్లు నొప్పెడితే సెక్టార్ 17 ప్లాజాలో చాయ్.

సెక్టార్ 5లో 57 నంబరు ఇల్లు జానరే ఉన్నది, ఇప్పుడు చిన్న మ్యూజియం. దారిలో పడితే వెళ్లండి. తలకిందులు చేసిన వి ఆకారపు కాళ్లతో టేకు, పేము కుర్చీలు అక్కడ కనిపిస్తాయి. ప్రభుత్వాఫీసుల కోసం చేయించినవి అవి. పాతబడ్డాయని తుక్కు కింద వేలం వేశారు, కొన్నవాళ్లు తీసుకెళ్లి విదేశీ వేలాల్లో లక్షలకి అమ్ముకున్నారు. 2011లో కేంద్రం ఆ అమ్మకాలు ఆపమని ఆర్డరిచ్చింది. బజార్లో ఎవరైనా ఒరిజినల్ జానరే కుర్చీ అని చూపిస్తే కొనకండి. నకిలీ అయితే డబ్బు దండగ, అసలుదే అయితే ఇంకా పెద్ద టెన్షన్.